మాట రాని బిడ్డ కూడా మన సంఘం బిడ్డే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మహాసభలో పొదుపు ఎంతయ్యింది, బ్యాంకు లింకేజీ ఎంతొచ్చింది, స్త్రీనిధి రికవరీ ఎంతుంది అని చెప్పుకుంటాం. అవన్నీ చెప్పుకోవాల్సినవే. ఈసారి మాత్రం లెక్కల పుస్తకంలో లేని ఒక సంగతి చెప్తామని అధ్యక్షురాలి దగ్గర కాస్త టైం అడిగి తీసుకున్నాం. మేము పదో తరగతి వరకే చదువుకున్నాం. డాక్టర్లం కాదు. కానీ ఆటిజం ఉన్న బిడ్డను తొమ్మిదేళ్లుగా పెంచుతున్నాం. ఆ పెంపకంలో తెలుసుకున్నవే చెప్తాం.

మా బాబు పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే ఉన్నాడు. బరువు బాగుంది, పాలు తాగాడు, టైముకి నడిచాడు. ఏడాది దాటాక "తాత", "బువ్వ" అన్నాడు. ఏడాదిన్నరకి ఆ రెండు మాటలూ పోయాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. చెవుడేమో అనుకుంటే, పక్క గదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే పరిగెత్తుకొస్తాడు. బొమ్మ బండి ఇస్తే దాన్ని నడపడు, తిరగేసి చక్రం తిప్పుకుంటూ గంటలు గంటలు కూర్చుంటాడు. ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. "మేనమామ పోలికమ్మా, మాటలు ఆలీసంగా వస్తాయి" అన్నారు కొందరు. "ఈ గుంటడికేటో గాలి సోకినాది" అన్నారు ఇంకొందరు. "తల్లి సంఘాలంట తిరుగుతాది, బిడ్డతో మాటాడితే గదా మాటలొస్తాయి" అన్నవాళ్లూ ఉన్నారు.

అంగన్‌వాడీకి పిల్లల్ని పరీక్ష చేసే వైద్య బృందం వస్తుంది కదా. వాళ్లు బాబుని చూసి చీటీ రాసి జిల్లా కేంద్రానికి పంపారు. అక్కడ రెండు మూడు దఫాలు చూశాక ఆటిజం అన్నారు. ఆ మాట మేము వినడం అదే మొదలు.

ఆటిజం అంటే ఏమిటో మాకు అర్థమైనట్టు చెప్తాం. ఇది అంటురోగం కాదు, పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. బిడ్డ మెదడు ఎదిగే తీరే వేరుగా ఉండడం. అందువల్ల మాట, చూపు, నలుగురితో కలవడం వేరుగా ఉంటాయి. చప్పుడు, వెలుతురు, బట్ట ఒంటికి తగలడం కొందరికి మనకన్నా ఎక్కువగా తెలుస్తాయి, కొందరికి తక్కువగా తెలుస్తాయి. ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం వాళ్లకి నెమ్మదినిస్తుంది. కొందరికి మాటలు బాగా వస్తాయి, చదువుకుని ఉద్యోగాలు చేస్తారు. కొందరికి జీవితాంతం ఒకరు తోడుండాలి. ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు. దీన్ని పోగొట్టే మందు లేదు. నేర్పే పద్ధతులున్నాయి. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంటుంది. ఆ లెక్కన వెయ్యిమంది ఉన్న ఊళ్లో ఏడెనిమిది మంది ఉండొచ్చు. మన ఊళ్లల్లో అంతమంది కనబడరేం అంటారా? ఉన్నారు. "మొండిగుంట" అనో, "మూగోడు" అనో, "తెలివి తక్కువది" అనో పేరు పెట్టేసి ఊరుకున్నాం. ఆడపిల్లలైతే "సిగ్గరి" అనుకుని అసలు చూపించం.

అక్కలారా, ముందుగా ఒక భారం మన నెత్తి మీంచి దించుకోవాలి. బిడ్డ ఇలా ఉండడానికి తల్లి కారణం అనే భారం. ఇది మన ఊరి మాటే అనుకోకండి, చదువుకున్న దేశాల్లోనూ అన్నారు. 1943 లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల్ని గమనించి ఆటిజం గురించి రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడి డాక్టర్లే, తల్లి ప్రేమ చూపకపోతే, ఐసుగడ్డలా చల్లగా ఉంటే బిడ్డలు ఇలాగవుతారని చెప్పారు. ఎంతమంది తల్లులు కుమిలిపోయారో! చివరికి బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన 1964 లో పుస్తకం రాసి, ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, మెదడుకి సంబంధించిందని వాదించాడు. ఆయన కూడా ఆటిజం ఉన్న ఒక పిల్లవాడి తండ్రే. ఇప్పుడు తల్లి తప్పు అని ఏ డాక్టరూ అనడు. మనూళ్లో ఎవరైనా అంటే, ఆ మాట కాలం చెల్లి అరవై ఏళ్లు దాటిందని చెప్పండి.

రెండో మాట టీకాల గురించి. టీకా వల్ల ఇలాగవుతుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. 1998 లో ఇంగ్లండులో ఒక డాక్టరు అలా రాశాడు. అందులో మోసం ఉందని తేలి, ఆ పత్రికే 2010 లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. తర్వాత లక్షల మంది పిల్లల్ని పరిశీలించినా టీకాకీ దీనికీ సంబంధం కనబడలేదు. మాటలు రాలేదని తెలిసే వయసూ, టీకాలు వేయించే వయసూ ఒకటే కాబట్టి జనానికి అలా అనిపిస్తుంది. పెద్దోడికి ఆటిజం ఉందని చిన్నదానికి టీకా మానకండి. మా పాపకి అన్ని టీకాలూ వేయించాం.

ఇక ఏ గుర్తులు చూడాలి? ఏడాది వచ్చినా పేరుకి పలకకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం. పదహారు నెలలకి ఒక్క మాటా లేకపోవడం. రెండేళ్లకి "అమ్మా దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపలేకపోవడం. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన మాటలు పోవడం. ఈ గుర్తులుంటే ఆటిజమే అని కాదు. చూపించాలి అని అర్థం. ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎం గారికో, అంగన్‌వాడీ టీచరుకో చెప్పండి. "ఐదేళ్లొస్తే అదే సర్దుకుంటాది" అనే మాట వినకండి. సర్దుకుంటే మంచిదే. కానీ చూపించినందువల్ల పోయేది బస్సు చార్జీలే.

ఇంట్లో ఎలా నేర్పాం అన్నది చెప్తాం. మన సంఘాల్లో పంచసూత్రాలున్నాయి కదా. వారం వారం మీటింగు, వారం వారం పొదుపు, తప్పకుండా రాత. మా బాబు పెంపకం కూడా అలాగే సాగింది. వాడికి రోజు ఒక వరసలో ఉండాలి. లేవడం, పళ్లు తోముకోవడం, చోడి అంబలి, స్నానం, బడి, ఆట, అన్నం, పడక. గోడ మీద ఈ పనుల బొమ్మలు వరసగా అంటించాం. మాట అర్థం కాకపోయినా బొమ్మ అర్థమవుతుంది. ఒక పని అయ్యాక ఆ బొమ్మ తీసి డబ్బాలో వేస్తాడు. వరస మారాల్సి వస్తే ముందు రోజే బొమ్మ మార్చి చూపిస్తాం. బొమ్మలు పెట్టాక కేకలు సగానికి సగం తగ్గాయి.

పనిని ముక్కలు చేసి నేర్పమని అక్కడి టీచరమ్మ చెప్పింది. చొక్కా తొడుక్కోవడం మనకి ఒక్క పని. వాడికి ఏడు పనులు. ముందు చివరి ముక్క నేర్పాం. అంటే చొక్కా మేమే తొడిగి, కిందికి లాగడం మాత్రం వాడిని చేయనిచ్చాం. అది వచ్చాక దాని ముందు ముక్క. నాలుగు నెలలకి చొక్కా వాడే తొడుక్కున్నాడు. ఆ రోజు మా అత్తమ్మ వీధిలో అందరికీ పటికబెల్లం పంచింది. బొత్తాములకి ఇంకో ఏడాది పట్టింది. పది రూపాయల పొదుపుతో మొదలుపెట్టిన వాళ్లం మనం, చిన్న చిన్నవి కూడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

వాడు ఇప్పటికీ నాలుగైదు మాటలే అంటాడు. కానీ నీళ్లు కావాలంటే గ్లాసు బొమ్మ తెచ్చి చేతిలో పెడతాడు. కడుపు నొప్పి అయితే కడుపు బొమ్మ. అంతకుముందు నొప్పి వస్తే తల గోడకేసి కొట్టుకునేవాడు, ఎందుకో తెలియక ఇల్లంతా ఏడ్చేది. ఇలాంటి పిల్లలు చేసే అల్లరిలో చాలావరకు చెప్పలేని మాటే. "కొడితే దారికొస్తాడు" అంటారు. కొడితే భయం వస్తుంది, మాట రాదు.

మన కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతర అంటే పిల్లలకి ఎంత సంబరం! మా బాబుకి ఆ డప్పులు, మైకులు, జనం అన్నీ చెవిలో సూదులు గుచ్చినట్టుంటాయి. చెవులు మూసుకుని కింద పడి దొర్లుతాడు. అలాగని తల్లి దర్శనం మానుకోలేదు. జనం రాకముందే వేకువన తీసుకెళ్తాం, చెవులకి గుడ్డ కడతాం, దండం పెట్టించి తెచ్చేస్తాం. పెళ్లిళ్లకీ అంతే, భోజనాల ముందు వెళ్లి అక్షింతలేసి వస్తాం. మమ్మల్ని పిలవడం మానేయకండి. వస్తాం, తొందరగా వెళ్లిపోతాం. పిల్లాడు దొర్లుతుంటే చుట్టూ మూగి చూడకుండా కాస్త జాగా ఇవ్వండి, అదే పెద్ద సాయం.

ఇంకో సంగతి ప్రాణం మీదది. ఇలాంటి పిల్లలు చెప్పకుండా బయటికి వెళ్లిపోతారు. నీళ్లంటే చాలామందికి మహా ఇష్టం. మనకేమో ప్రతి ఊళ్లో చెరువుంది, పక్కనే పెద్ద హైవే ఉంది, రైలు పట్టాలున్నాయి. మా బాబు మెడలో ఫోన్ నంబరున్న బిళ్ల కట్టాం. పేరు అడిగితే చెప్పలేడు కదా. మా వీధిలో కొట్టు ఆయనకి, ఆటోవాళ్లకి, చెరువు దగ్గర బట్టలుతికేవాళ్లకి వాడిని చూపించి చెప్పి ఉంచాం. తాడుతో కట్టేసే ఇళ్లు ఉన్నాయి. పనికి పోవాలి, చూసేవాళ్లు లేరు, ఏం చేస్తారు అంటారు. అవును, ఉపాధి పనికి పోకపోతే పొయ్యి వెలగదు. అందుకే ఇది ఒక్క ఇంటి పని కాదు, ఊరి పని అంటున్నాం.

కాగితాల సంగతి వినండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 లో కొత్త చట్టం వచ్చి 21 రకాలు అయ్యాయి, అందులో ఆటిజం ఉంది. మొదటి పని సదరం సర్టిఫికెట్. సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ తీసుకోవాలి. 40 శాతం, ఆ పైన ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలు చేశారు. 40 శాతం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఆ చట్టంలోనే ఉంది. "ఈ పిల్లాడిని మేము చేర్చుకోం" అని ఏ బడీ అనకూడదు. అంటే కాగితం మీద రాసివ్వమని అడగండి. ఒక బడిలో మాకు ఆ మాట ఎదురైంది. రాసివ్వమని అడిగాక చేర్చుకున్నారు. మండలాల్లో ఉండే భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకి ప్రత్యేకంగా నేర్పే టీచర్లుంటారు, వెళ్లి కలవండి. నిరామయ అని కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, అందులో థెరపీ ఖర్చు కూడా ఇస్తారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, పిల్లల్ని పరీక్షించి ఇంట్లో ఎలా నేర్పాలో తల్లిదండ్రులకి చూపిస్తారు.

ఇప్పుడు సంఘాలకి నేరుగా తగిలే మాట. "ఆటిజం పూర్తిగా పోగొడతాం" అని బోర్డులు పెట్టేవాళ్లున్నారు. మూలకణాలు ఎక్కిస్తాం, లక్షలవుతుంది అంటారు. జాతీయ వైద్య కమిషన్ వాళ్ల నీతి బోర్డు వేసిన కమిటీ 2022 లోనే, ఆటిజానికి ఈ వైద్యం సిఫారసు చేయడం లేదని, దీనికి ప్రచారం చేస్తే వృత్తి దోషమేనని తేల్చింది. అయినా బిడ్డ కోసం తల్లి పుస్తెలు అమ్మడానికి కూడా వెనకాడదు. మాకు తెలిసిన ఒక ఇల్లు ఇలాంటి వైద్యానికి సంఘం అప్పు, బయట వడ్డీ అప్పు రెండూ చేసింది. పిల్లాడు అలాగే ఉన్నాడు. తండ్రి అప్పు తీర్చడానికి చెన్నై వలస వెళ్లాడు. తల్లి ఒక్కతే బిడ్డతో ఉంది, కంతు కట్టలేక మీటింగుకి మొహం చూపడం మానేసింది. చూడండి, మోసం ఎక్కడో జరిగింది, తెగిపోయింది మాత్రం మన సంఘం తాడు. థెరపీకి, ప్రయాణానికి, బొమ్మల పుస్తకాలకి అప్పివ్వండి. పూర్తిగా పోగొడతామనే వాళ్లకి కట్టడానికి అడిగితే మాత్రం, ముందు ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుని ఒక్కసారి అడిగి రమ్మని చెప్పండి. ఇది అప్పు కాదనడం కాదు, తోటి సభ్యురాలిని కాపాడుకోవడం.

మన నారాయణవలస పశువుల సంత అందరికీ తెలుసు. అక్కడ ఎద్దు బెదిరితే పట్టేవాళ్లకి ఎంత కష్టమో చూశాం. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అని ఒకావిడ ఉన్నారు, 1947 లో పుట్టారు. మూడున్నర ఏళ్ల దాకా మాటల్లేవు. ఎక్కడైనా సంస్థలో పడేయమన్నారట. తల్లి వినలేదు. ఆవిడ పెద్దయ్యాక పశువులు దేన్ని చూసి బెదురుతాయో, నీడకా, చప్పుడుకా, వేలాడే గొలుసుకా అని గమనించి, అవి బెదరకుండా నడిచే వంపు దారులు తయారుచేశారు. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. చప్పుడుకి తానూ అలాగే బెదిరేది కాబట్టి పశువు బెదురు ఆవిడకి తెలిసింది. మా బాబు ప్రొఫెసరు అవుతాడని చెప్పడం లేదు. వాడు గొడ్లకి గడ్డి సమానంగా కట్టలు కట్టి వేస్తాడు, ఒక్క కట్ట తేడా రాదు. మాకు అది చాలు. ఏ బిడ్డలో ఏముందో చూసేవరకు తెలియదు అని చెప్పడానికే ఆవిడ సంగతి ఎత్తాం.

మనదేశంలోనూ ఇలాంటి బిడ్డల కోసం ముందుగా కదిలింది తల్లులే. ఢిల్లీలో మెర్రీ బారువా అనే తల్లి తన కొడుకు కోసం వెతికి వెతికి, 1991 లో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థ మొదలుపెట్టారు. మన జిల్లాకీ ఇది కొత్త కాదు. 2000 లో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అప్పట్లోనే వికలాంగులకు వేరే సంఘాలు కట్టించారు. ఆ దారి మనకుంది. మాట రాని పిల్లల తల్లులు అందులో కనబడలేదు, అంతే.

ఇక చివరి దిగులు. ఆటిజం ఉన్న ఏ బిడ్డ తల్లిని అడిగినా రాత్రిపూట నిద్ర పట్టనిచ్చే మాట కాదు ఇది. మా తర్వాత వీడెవరి చేతిలో? చెల్లెలు చూసుకుంటుంది అంటారు. చిన్నదానికీ ఒక బతుకుంది. "అన్న ఇలాగుంటే దీనికి సంబంధం ఎలా?" అని ఇప్పట్నించే అనేవాళ్లున్నారు. దాని నెత్తిన అంత బరువు పెట్టడం న్యాయం కాదు. 1999 లో వచ్చిన జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం, ఆటిజం ఉన్నవాళ్లకి 18 ఏళ్లు నిండాక, అవసరమైతే సంరక్షకుడిని నియమించే స్థానిక కమిటీ జిల్లాలో కలెక్టరు గారి అధ్యక్షతన ఉంటుంది. అది కాగితం సంరక్షణ. రోజూ అన్నం పెట్టి, ఎక్కడున్నాడో చూసే సంరక్షణ మాత్రం మనుషులే ఇవ్వాలి. అందుకని వాడికి వంట నేర్పుతున్నాం. అన్నం వార్చడం వచ్చింది. పొయ్యి ఆర్పడం ఇంకా నేర్పాలి. వాడి పేరున నెలకి ఇంతని పోస్టాఫీసులో వేస్తున్నాం. మిగతాది మీ అందరి దగ్గర అడుగుతున్నాం.

అడిగేవి నాలుగే. తీర్మానం పుస్తకంలో రాయించండి.

ఒకటి, ప్రతి గ్రామ సంఘం మీటింగులో ఆరోగ్యం మాట వచ్చినప్పుడు, రెండేళ్లొచ్చినా మాటలు రాని బిడ్డ ఎవరింట్లో ఉంది అని అడగాలి. పేరు రాసి నిందించడానికి కాదు, ఆసుపత్రికి తోడు వెళ్లడానికి.

రెండు, ఇలాంటి బిడ్డ ఉన్న సభ్యురాలు మీటింగుకి రాలేకపోతే జరిమానా వేయొద్దు. వీలైతే ఆమె ఇంటి అరుగు మీదే మీటింగు పెట్టండి. పొదుపు పుస్తకంలో ఆమె పేరు తెగకూడదు.

మూడు, సదరానికి, భవితకి మొదటిసారి వెళ్లే తల్లికి తోడు ఒక సభ్యురాలు వెళ్లాలి. కాగితం చదివేవాళ్లు పక్కనుంటే సగం భయం పోతుంది.

నాలుగు, నెలకి రెండు పూటలు. ఊళ్లో నలుగురు సభ్యులు వంతులేసుకుని ఆ బిడ్డ దగ్గర కూర్చుంటే, ఆ తల్లి తలంటుకుంటుంది, ఆసుపత్రికెళ్తుంది, లేదా ఊరికే పడుకుంటుంది. మా సంఘంలో పదిమందీ మా బాబుకి అలవాటయ్యారు. ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుని గ్లాసు బొమ్మ చూపిస్తాడు. వాడు నమ్మే మనుషులు ఇద్దరి నుంచి పన్నెండు మందయ్యారు. మా తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి ఇప్పటిదాకా మాకు దొరికిన జవాబు ఇదే.

 మీటింగు అయ్యాక భోజనాల దగ్గర ఉంటాం. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి బిడ్డ ఉంటే వచ్చి చెప్పండి. నలుగురిలో చెప్పలేకపోతే పక్కకి పిలవండి.